తప్పు చూపించండి

“ఎట్లాగూ ఇంట్లనే ఉంటవు గదా, జర ఈ చింతపండు గింజలు తీసిపెట్టు” అంటూ మా అత్తమ్మ చాట తెచ్చి నా ముందు పెట్టింది. నేను గింజలు తీసి పక్కన వేస్తుంటే, మంచం మీద కూర్చుని టీవీ చూస్తున్న ఆమె వంగి, గింజలు తీసిన చింతపండులోంచి ఒక ఈనె ఏరి నా కళ్ల ముందు ఆడించింది. “ఇది కనవడలేదా నీకు?” కనబడలేదు. పొద్దున్నే లేచి ఒక్కొక్కరికి ఒక్కో రకం టిఫిన్ చేసి, మామయ్యకు షుగర్ మాత్రలిచ్చి, అమ్మాయిని నారాయణగూడ కాలేజీకి పంపి, మా ఆయన లంచ్ డబ్బాకు మూత సరిగ్గా పట్టడం లేదంటే అన్నం ఇంకో డబ్బాలోకి మార్చి కట్టిన మనిషికి ఈనె కనబడలేదు. “కనవడలే అత్తమ్మా” అన్నాను. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఇలాంటి వాటికి జవాబు చెప్పేదాన్ని. తప్పు ఒప్పుకుంటే పని తొందరగా తెములుతుందని తరవాత తెలిసింది.

మా అత్తమ్మ కమల చెడ్డదేం కాదు. జ్వరమొస్తే నా నుదుటి మీద తడిగుడ్డ వేసింది కూడా ఆమే. కాకపోతే తప్పు పట్టకుండా ఉంటే ఆమెకు పొద్దు గడవదు. మా ఆయన ఉదయ్ కుమార్‌ది ఇంకో తరహా. నోటితో అనడు, కూర కంచం అంచుకు నెట్టి లేచిపోతాడు. ఎందుకు నెట్టాడో మనమే కనుక్కోవాలి. ఉప్పా, కారమా, నూనెనా అని నేను వంటింట్లో నిలబడి ఆ మిగిలిన కూరను నాలుక మీద వేసుకుని పరిశోధన చేస్తుంటాను. చాలాసార్లు అందులో ఏమీ ఉండదు. ఆఫీసులో ఎవరో ఏదో అని ఉంటారు, అది మా ఇంటి బీరకాయ మీద తేలుతుంది. అయినా సరే, మర్నాడు ఉప్పు కొంచెం తగ్గించి వేస్తాను.

పెళ్లికి ముందు నేను అశోక్‌నగర్‌లో ఈదయ్య గారి డీటీపీ సెంటర్‌లో తెలుగు టైపు చేసేదాన్ని. కోచింగ్ సెంటర్ల వాళ్లు గ్రూప్ పరీక్షల మెటీరియల్ చేతిరాతలో కట్టలు కట్టలుగా తెచ్చి పడేసేవారు. చరిత్ర, భూగోళం, పంచాయతీరాజ్ చట్టం, అన్నీ నా వేళ్ల మీదుగానే పోయేవి. “రచనమ్మ కొట్టిన పేజీకి ప్రూఫు అక్కర్లే, సీదా ప్రింటుకు పంపుండ్రి” అనేవాడు ఈదయ్య గారు. ఆ మాట విన్న రోజు నేను మా పుట్టింటి దాకా బస్సెక్కకుండా నడుచుకుంటూ వచ్చాను, అంత హుషారు. పెళ్లయ్యాక మా మామయ్య విద్యాసాగర్ గారు “మనింటి కోడండ్లు కిరాయికి అక్షరాలు కొట్టరు” అన్నారు. ఆయన హెడ్‌మాస్టరుగా చేసినవారు కాబట్టి ఆ మాట ఇంట్లో సర్క్యులర్ లాగా అమలైంది. ఇంటిల్లిపాదికీ వండటం, తోమటం, ఉతకటం కిరాయి పని కాదు కాబట్టి వాటికి అభ్యంతరం లేదు.

“ఇంట్లనే ఉంటవు గదా” అని ఎన్నిసార్లు విన్నానో. సరే, ఇంట్లోనే ఉండి చేసే పని చూసుకుంటే తప్పేంటి అనిపించింది. అమ్మాయి పాత లాప్‌టాప్ ఉంది, మధ్యాహ్నం అందరూ పడుకున్నాక నాకు కాస్త సమయం ఉంటుంది. ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టాను. నేను మరీ అమాయకురాలినేం కాదు. పెన్సిళ్లు ప్యాక్ చేసే పని అన్నాడొకడు, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమన్నాడు, బ్లాక్ చేశాను. వీడియోలకు లైకులు కొడితే జీతమన్నాడు ఇంకొకడు. ముందు కొంచెం ఇచ్చి తరవాత మన దగ్గరే గుంజుతారని పేపర్లో చదివాను, వాణ్నీ బ్లాక్ చేశాను. ముందు పైసలు అడిగినవాడు దొంగ. ఇదొక్కటి గట్టిగా మనసులో పెట్టుకుంటే చాలు, మనల్ని ఎవడూ ఏమీ చేయలేడనుకున్నాను.

మా గల్లీ ఆడవాళ్ల లలితా పారాయణం గ్రూపులో ఒక రోజు మెసేజ్ వచ్చింది. ఎవరు పెట్టారో, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఎవరికీ గుర్తులేదు. పోటీ పరీక్షల ప్రశ్నలను తెలుగులో టైపు చేయాలి, ఇంటి నుంచే, ఒక్క రూపాయి ఫీజు లేదు. చదవగానే నమ్మేశాను. మాకు పక్కనే అశోక్‌నగర్. ఏ గోడ మీద చూసినా కోచింగ్ పోస్టర్లే, లైబ్రరీ ముందు పొద్దున తలుపు తీయకముందే పిల్లలు బ్యాగులతో వరసలో ఉంటారు. ప్రశ్నలు టైపు చేసే పని ఈ ఊళ్లో లేకపోతే ఇంకెక్కడుంటుంది? వేరే ఊరివాళ్లయితే కాస్త అనుమానపడేవారేమో. మాకు అది గాలి పీల్చినంత మామూలు సంగతి.

ఇంటర్వ్యూ అని ఒకమ్మాయి ఫోన్ చేసింది. “మేడం, మీ ఎక్స్‌పీరియన్స్ చెప్పండి” అంది. నన్ను మేడం అని పిలిచి ఎన్నేళ్లయిందో! కూరగాయలవాడికి అక్కను, కాలేజీవాళ్లకు ఫలానా అమ్మాయి మదర్‌ని, బ్యాంకువాళ్లకు ఉదయ్ కుమార్ భార్యను. ఈదయ్య గారి గురించి, నా ప్రూఫు అక్కర్లేని పేజీల గురించి ఆ అమ్మాయికి గలగలా చెప్పేశాను. “సూపర్ మేడం” అంది. చివర్లో ఒక అగ్రిమెంట్ వచ్చింది, వేలితో తాకితే సంతకమైపోయింది. అందులో ఎమర్జెన్సీ కాంటాక్ట్ అని ఒక గడి. మనకు ఇంకెవరుంటారు, మా ఆయన నంబరు రాశాను.

ఆ రోజుల సంతోషం మాత్రం అబద్ధం కాదు. గిన్నెలు తోమి, చేతులు తుడుచుకుని, డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ తెరిస్తే వేళ్లు వాటంతటవే కదిలేవి. ఒక్కో పేజీ కొట్టాక మళ్లీ మొదట్నుంచి చదివేదాన్ని. ఒత్తులు, దీర్ఘాలు, సున్నాలు, ఇంకోసారి చదివేదాన్ని. అంత శ్రద్ధగా నా పెళ్లిచీరలు కూడా మడతపెట్టలేదు. అన్నీ పంపించిన తరవాత రిపోర్టు వచ్చింది. నా పనిలో ఖచ్చితత్వం అరవై ఒక్క శాతం. అగ్రిమెంట్ ప్రకారం తొంభై దాటాలి. దాటలేదు కాబట్టి నేనే కంపెనీకి జరిమానా కట్టాలి.

ఆ వెంటనే లీగల్ సెల్ నుంచి ఫోన్. టీవీలో వార్తలు చదివేవాళ్లలాంటి గొంతు. “రచన గారూ, కంపెనీకి మీవల్ల నష్టం జరిగింది. కోర్టు నోటీసు వాట్సాప్‌లో పంపించాం, చూసుకోండి. కట్టకపోతే మీ హస్బెండ్‌తో మాట్లాడాల్సి వస్తుంది.” నోటీసు మీద తాటికాయంత ముద్ర, నల్లకోటు వేసుకున్న లాయరు ఫోటో. “కొంచెం టైమివ్వండి సార్” అని బతిమాలుకున్నాను. ఇచ్చాడు. రోజూ ఫోన్ చేసి గుర్తుచేసేంత ఉదారంగా ఇచ్చాడు.

ముందు పైసలు అడిగినవాడు దొంగ అని అంత గట్టిగా నేర్చుకున్నదాన్ని, తరవాత అడిగినవాడి దగ్గర ఎందుకు పడిపోయాను? ఇదంతా అయ్యాక చాలా ఆలోచించాను. కోర్టుకు భయపడలేదు నేను. కోర్టు ఎట్లుంటదో కూడా నాకు తెలియదు. మా ఇంటి డైనింగ్ టేబుల్ ఎట్లుంటదో తెలుసు. “నేను ముందే చెప్పిన” అని మా ఆయన కుర్చీ వెనక్కి జరపడం, “కిరాయి పనులు వద్దన్నానా?” అని మామయ్య కళ్లద్దాలు తీయడం, అత్తమ్మ ఆడబిడ్డకు ఫోన్ చేసి మొదట్నుంచీ చెప్పడం, అంతా వరసగా కళ్లకు కట్టింది. అన్నిటికంటే పెద్ద సంగతి, తప్పులున్నాయనగానే నేను నమ్మేశాను. ఎక్కడున్నాయని అడగలేదు. ఎట్లా అడుగుతాను? ఇన్నేళ్లలో ఎవరైనా నా పనిలో తప్పుందంటే, ఉందేమోనని వెతుక్కోవడమే నాకు అలవాటు. బీరకాయ కూర దగ్గర పడిన అలవాటు, కీబోర్డు దగ్గర ఎందుకు పోతుంది? ఆ దొంగ వెధవకు మా ఇంట్లో పెద్దగా కష్టపడాల్సిన పనిలేకుండా పోయింది.

ఆ రోజుల్లో అన్నం సయించేది కాదు. మంగళసూత్రంలో ఉన్న బంగారు గుండ్లు తాకట్టు పెడితే ఎవరైనా గమనిస్తారా అని కూడా లెక్కవేశాను. ఆ వారం మా ఆయన కూరకు ఒక్కసారీ వంక పెట్టలేదు. పైగా “జర రెస్టు తీసుకో” అన్నాడు. నా మొహం చూసి జాలిపడ్డాడేమోననుకుని, ఇంత మంచివాడి దగ్గర దాస్తున్నానని ఇంకా కుమిలిపోయాను.

అదే సమయంలో ఇంట్లో పండుగ వచ్చింది. మా ఆడబిడ్డను పిలిచి ఒడిబియ్యం పోయాలని అత్తమ్మ నిశ్చయించింది. పుట్టింటివాళ్లు ఆడపిల్ల ఒడిలో పసుపు కలిపిన బియ్యం పోసేటప్పుడు నలుగురు ఆడవాళ్లను పిలవాలి. పిలవడమంటే ఫోన్ చేయడం కాదు. మాలో ఇంటికి పోయి బొట్టు పెట్టి చెప్పకపోతే ఎవరూ రారు, వచ్చినా ఏడాది పొడుగునా దెప్పుతారు. “ఎట్లాగూ ఇంట్లనే ఉంటవు గదా, నువ్వే పోయి బొట్టు చెప్పిరా” అంది అత్తమ్మ. నేను కుంకుమ భరిణె, పసుపు గిన్నె సంచిలో పెట్టుకుని ఎండలో బయల్దేరాను. “అశోక్‌నగర్ యశోదమ్మ ఇంటికి పోవద్దు, ఆమెకు బొట్టు లేదు” అని వెనక నుంచి గుర్తుచేసింది.

నారాయణగూడలో జయశ్రీ మాకు దూరపు చుట్టం. ఒకప్పుడు బడిలో తెలుగు టీచరు, పిల్లలు పుట్టాక మానేసింది. నేను వెళ్లేసరికి వంటింట్లో జొన్నరొట్టెలు చేస్తోంది. పిండి చేతులు, పక్కన గట్టు మీద ఫోను, స్పీకర్ పెట్టి ఉంది. నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే ఆ గొంతు వినబడింది. “జయశ్రీ గారూ, కంపెనీకి మీవల్ల నష్టం జరిగింది. మీ అక్యురసీ అరవై ఒక్క శాతం.” అదే గొంతు. అదే అరవై ఒకటి. జయశ్రీ నన్ను చూసి పిండి చేతులతోనే ఫోన్ కట్ చేసి, మొహం పక్కకు తిప్పుకుంది.

“ఎవరది?” అన్నాను.

“ఎవరో లే అక్కా. కరెంటు బిల్లు.”

“జయశ్రీ, నాది గూడ అరవై ఒకటే.”

ఆమె చేతిలో రొట్టె ఆగిపోయింది. ఇద్దరం ఒకళ్లనొకళ్లం చూసుకున్నాం. ఆమె కొట్టినవి వేరే పేజీలు, నేను కొట్టినవి వేరే పేజీలు. ఆమె బడిలో ఉన్నన్నాళ్లూ పిల్లల కాపీల్లో తప్పులు దిద్దిన మనిషి. పెనం మీద రొట్టె మాడుతున్న వాసన వస్తున్నా ఇద్దరం కదల్లేదు. అందరూ అనుకుంటారు, అప్పుడు నాకు కోపం వచ్చి ఉంటుందని. కాదు. ముందు సంతోషం వచ్చింది. నేను తప్పు చేయలేదు! గట్టిగా అరవాలనిపించింది. నా పేజీల్లో తప్పులు లేవు, నా వేళ్లు నన్ను మోసం చేయలేదు. జయశ్రీ గట్టు మీద తలపెట్టి ఏడ్చింది. నేను ఆమె నుదుటికి బొట్టు పెట్టి, “ఏడుస్తవేందే, పిచ్చిదానా, మనకు తెలుగొచ్చు” అన్నాను. ఆ తరవాత కోపం వచ్చింది. వస్తే ఇంక తగ్గలేదు.

బొట్టు చెప్పడంలో ఒక సుఖముంది. పిలిచే మనిషి హాల్లో కూర్చోదు, నేరుగా వంటింట్లోకి పోతుంది. మగవాళ్లు పేపరు చాటున ఉంటారు, అక్కడికి రారు. ఆ రోజు నుంచి నేను ప్రతి ఇంట్లో కుంకుమ పెట్టి, “ఆదివారం ఒడిబియ్యానికి రావాలె” అని చెప్పి, గొంతు తగ్గించి “నీకు టైపింగ్ పని ఫోన్ వచ్చిందా?” అని అడిగాను. కొందరు నవ్వి అదేంటన్నారు. కొందరు వెంటనే తలుపు దగ్గరికి పోయి బయటికి తొంగిచూసి వచ్చారు. అలా తలుపు దాకా పోయి వచ్చిన ప్రతి ఒక్కరికీ నోటీసు వచ్చి ఉంది. ఒకావిడ అప్పటికే చెవి కమ్మలు ఇచ్చేసింది. అందరి మాటా ఒకటే, “మా ఆయనకు తెలిస్తే ఇంకేమన్న ఉందా?”

అత్తమ్మ వద్దన్న ఇంటికీ పోయాను. యశోదమ్మ అశోక్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్ నడుపుతుంది. పరీక్షలకు చదువుకునే పిల్లలు ఆమె ఇంటినిండా ఉంటారు, ఆమెకు తెలియని నోటిఫికేషన్ లేదు. నేను భరిణె తీస్తే ఆమె చేయి అడ్డం పెట్టి, “నాకేందమ్మా బొట్టు? మీ అత్త పంపలే నిన్ను” అని నవ్వింది. “అత్త పంపలే, నేనే వచ్చిన” అని పెట్టేశాను. ఆమె అడ్డం పెట్టిన చేయి దించేసింది. తరవాత నా సంగతంతా విని పిల్లల్ని కేకేసింది. ఎస్సై పరీక్షకు చదువుతున్న ఒక పిల్ల నోటీసు చూసి పకపకా నవ్వింది. “అక్కా, కోర్టు వాట్సాప్‌ల పైసలు అడగదు. ఏదీ డిలీట్ చెయ్యకుండ్రి, స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుండ్రి. సైబర్ క్రైమ్ నంబరుకు, 1930కి కొట్టి, తర్వాత స్టేషన్‌ల కాయిదం ఇయ్యుండ్రి. అందరు కలిసి పోతె ఇంక మంచిది.” యశోదమ్మ చేతులు తిప్పుతూ, “పనిచ్చేటోడు పైసలిస్తడు. ముందడిగినా దొంగే, ఎనకడిగినా దొంగే. గింతే బిడ్డా” అంది. నేను సగమే నేర్చుకున్న పాఠం ఆమె పూర్తిచేసింది. ఆదివారం ఒడిబియ్యం అయ్యాక అందరం కలిసి స్టేషన్‌కు పోదామని, నోటీసు వచ్చిన వాళ్లందరికీ మళ్లీ చెప్పి వచ్చాను.

ఆ సాయంత్రమే మా ఆయనకు చెప్పేయాలనుకున్నాను. టీ ఇచ్చేటప్పుడు నోటిదాకా వచ్చింది. కానీ ఆయన టీవీ వైపు చూస్తూ కప్పు అందుకున్నాడు, నేను వంటింట్లోకి వచ్చేశాను. ధైర్యం ఊరంతా తిరిగి వచ్చింది గానీ మా హాల్లోకి మాత్రం రాలేదు.

ఆదివారం ఇల్లు కిటకిటలాడింది. పట్టుచీరలు, పూలు, వంటింట్లో పులిహోర, మధ్య గదిలో చాప మీద ఆడబిడ్డ. మగవాళ్లు ముందుగదిలో. పసుపు బియ్యం పోయడం అయిపోయి అందరూ పాటలు పాడుకుంటుండగా నా ఫోన్ మోగింది. లీగల్ సార్. జయశ్రీ నా మొహం చూసి పోల్చుకుంది. గది అటూ ఇటూ చూశాను. నేను బొట్టు పెట్టి పిలిచిన వాళ్లందరూ అక్కడే ఉన్నారు. ఏమైతే అదవుతుందని స్పీకర్ నొక్కాను.

“రచన గారూ, ఈరోజే లాస్ట్ డేట్. ఏం ఆలోచించుకున్నారు?”

“ఆలోచించిన సార్. నా తప్పు చూపించండి.”

“ఏంటి?”

“అరవై ఒక్క శాతమన్నరు గదా. ఏ పేజీల, ఏ లైన్ల తప్పుందో ఒక్కటి చూపించండి. ఒక్కటి చాలు.”

“అది సాఫ్ట్‌వేర్ చెబుతుంది మేడం, మనం చూసేది కాదు.”

“సాఫ్ట్‌వేర్‌కు తెలుగొస్తదో రాదో, నాకొస్తది. చూపించండి.”

జయశ్రీ ముందుకు వంగింది. “నమస్తే సార్, నేను జయశ్రీని. నాది గూడ చూపించండి.” ఇంకో మూల నుంచి కమ్మలు పోయినావిడ లేచి, “నాది గూడ చూపియ్యిరా, బాడ్కావ్!” అంది. ఆ తరవాత ఎవరేమన్నారో చెప్పలేను, పెళ్లివారి ఇంట్లో పప్పన్నం దగ్గర కూడా అంత గోల ఉండదు. యశోదమ్మ పిలుపు మన్నించి వచ్చి తలుపు పక్కన కూర్చుని ఉంది, ఆమె వాడిన మాటలు ఇక్కడ రాయను. వాడి టీవీ గొంతు పీలగా అయిపోయింది. “మీతో మాట్లాడేదేంటి, మీ హస్బెండ్‌తోనే మాట్లాడుకుంటా!” అని పెట్టేశాడు.

ముందుగదిలో మా ఆయన ఫోన్ మోగడం అందరికీ వినిపించింది.

ఆయన మోగుతున్న ఫోన్ పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. “రచనా, ఏం లొల్లి ఇది? వాళ్లతోని ఎందుకు పెట్టుకుంటున్నవ్? నేను సెటిల్ చేసిన గదా” అన్నాడు.

“ఏం సెటిల్ చేసిండ్రు?”

“పైసలు కట్టేసిన, పోయిన వారమే. నేను ఆఫీసుల ఉండంగ ఫోన్ చేసిండ్రు. నలుగుట్ల నీ పరువు పోవద్దని, నీకు చెప్తె బాధపడ్తవని నేనే కట్టిన.”

అంటే వాడు ఆయన పేరు చెప్పి నన్ను బెదిరిస్తున్న రోజుల్లోనే, నా పేరు చెప్పి ఆయన దగ్గర వసూలు చేసుకున్నాడు. కూరకు వంకలు పెట్టకపోవడం, రెస్టు తీసుకోమనడం అన్నీ ఇప్పుడు అర్థమయ్యాయి. అది జాలి. తప్పు చేసిన దాని మీద జాలి. ఆయన మొహంలో నిజంగానే మంచితనముంది, అదే నాకు భరించరానిదిగా అనిపించింది.

“నన్ను అడిగిండ్రా? నువ్వు తప్పులు చేసినవా అని ఒక్కమాట అడిగిండ్రా నన్ను?”

“వాళ్లు రిపోర్టు పంపిండ్రు రచనా...”

“ముక్కూ మొహం తెల్వనోడు నా పని బాగలేదంటె, నన్నొక్క మాట గూడ అడగకుండ నమ్మేసిండ్రు.”

అందరి ముందూ అన్నాను. ఆయన ఏదో చెప్పబోతే మా అత్తమ్మ పసుపు చేతులతో లేచి నిలబడింది. ఇప్పుడు నాకు అక్షింతలు పడతాయని తలవంచుకున్నాను.

“అరేయ్ ఉదయ్” అంది కొడుకుతో. “దాన్ని అంటె నేననాలె. ఎవడో దారినపొయ్యేటోడు అంటె నువ్వెట్ల నమ్మినవ్‌రా? నా మాత్రలకు రాసిపెట్టిన చీటీల గూడ దాని అక్షరం ఎన్నడన్న తప్పు పోయిందా?”

ముందు జయశ్రీ నవ్వింది. తరవాత అందరూ నవ్వారు. నాకు నవ్వూ ఏడుపూ రెండూ కలిసి వచ్చాయి. అత్తమ్మ మాత్రం నవ్వకుండా, “ఇంక కూసున్నరేంది? పోలీస్ స్టేషన్‌కు పోతమన్నరు గదా, బొట్లు ఆరకముందే పొండ్రి” అని పులిహోర గిన్నె మూతపెట్టింది. ఆమెకు ఎవరు చెప్పారో నేను అడగలేదు.

1930కి ఫోన్ చేసి, పట్టుచీరలతోనే ఆటోల్లో ఎక్కాం. అంతమంది ముత్తైదువలు ఒకేసారి లోపలికి వస్తే స్టేషన్‌లో కానిస్టేబుల్ గుడి చందాలకు వచ్చామనుకున్నాడు. ఎస్సై ఆడమనిషి, వయసులో చిన్నది. అందరి ఫోన్లూ చూసి, ఒకే గొంతు, ఒకే శాతం అని రాసుకుంది. మా వెనకే వచ్చిన ఉదయ్‌ను చూసి, పైసలు పోయినవాళ్లు విడిగా ఫిర్యాదు రాయాలంది. ఆయన పెన్ను తీసుకున్నాడు.

“ఎందుకు కట్టారు సార్?”

“మా ఆవిడ తప్పులు చేసిందన్నరు.”

“మీరు ఆ పేజీలు చూశారా?”

“చూడలే.”

“అదే రాయండి” అంది ఆమె, తల ఎత్తకుండా. ఆయన రాశాడు. ఆయన చేతిరాత అంత నెమ్మదిగా కదలడం నేనెప్పుడూ చూడలేదు. డబ్బు వెళ్లిన ఖాతాను ఆపించడానికి ప్రయత్నిస్తామని, వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేమని ఎస్సై చెప్పింది. కమ్మలు పోయినావిడ బయటికొచ్చి, “వస్తె వస్తయి, రాకుంటె రావు గానీ, కడుపు చల్లబడ్డదక్కా” అంది. ఎండలో నిలబడి అందరం చెరుకురసం తాగాం.

ఇప్పుడు నేను, జయశ్రీ కలిసి నిజం పనే చేస్తున్నాం. యశోదమ్మ చెప్పిన పబ్లిషర్ దగ్గరికి ఇద్దరమూ స్వయంగా పోయాం. ఆఫీసు చూశాం, పక్క షాపు వాళ్లను అడిగాం, అక్కడ అచ్చయిన పుస్తకాలు తిరగేశాం. ఒక్కో అధ్యాయం అందగానే ఇవ్వాల్సింది ఇచ్చేయాలని, తప్పులుంటే గీసి చూపించాలని చెప్పాం. ఆయన మొదటి అధ్యాయం గీతలేమీ లేకుండా తిరిగి పంపాడు. మామయ్య రెండు రోజులు కళ్లద్దాలు తీసి పెట్టుకుంటూ తిరిగి, మూడో రోజు నా పక్కకొచ్చి, “ఇది ఏ పరీక్షకమ్మా?” అని అడిగారు. అత్తమ్మ చింతపండు చాట తనే ముందేసుకుని, ఈనెలు నాకెందుకు కనబడవో టీవీకి చెబుతూ ఉంటుంది.

నిన్న ఉదయ్ ఆఫీసు నుంచి తొందరగా వచ్చాడు. డైనింగ్ టేబుల్ నిండా నా కాగితాలు. వాటిని కదపకుండా ఒక మూల కుర్చీ లాక్కుని కూర్చుని, కాసేపు నా వేళ్ల వంక చూశాడు. మంచి మనసుతోనే అన్నాడు, నేను కాదనను. “చెయ్యి, వద్దంట లేను. గాని బయట లోకం నీకు తెల్వదు రచనా. ఇగనుంచి ఏదన్న ఉంటె ముందు నన్నడుగు.”

నేను చేతులు కీబోర్డు మీంచి తీసి ఆయన వైపు తిరిగాను.

“నేను వాడికి ఒక్క రూపాయి కట్టలేదండి. కట్టింది మీరు. ఇగ మీదట ఎవడన్న ఫోన్ చేసి పైసలడిగితె, ముందు నన్నడుగుండ్రి.”